నేర్పడం మానేసి మార్కులు వేస్తున్నారు

"ఉద్యోగాలకేం కొదవ లేదు, చేయగలిగిన పిల్లలే దొరకడం లేదు." ఈ మధ్య ఈ మాట అనని పెద్దమనిషి కనబడలేదు. కాలేజీ స్నాతకోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన కంపెనీ అధికారి అంటాడు. టీవీ చర్చలో కూర్చున్న విద్యావేత్త అంటాడు. తమిళనాడులో హోసూరు పక్కనున్న మా మత్తిగిరిలో, సిప్‌కాట్ పారిశ్రామికవాడ షిఫ్టు బస్సు దిగి టీ తాగుతున్న మామ కూడా అంటాడు. కాకపోతే ఆయన మా మొరసునాటి తెలుగులో సూటిగా అంటాడు: "ఏంరా, రోజంతా ఆ ఫోను నొక్కతా కూసుంటే ఉద్యోగం యాడ్నుంచి వస్తాది?" ముగ్గురూ చెప్పేది ఒకటే. లోపం పిల్లల్లో ఉంది, ఆ పిల్లల్ని చెడగొట్టింది ఇంటర్నెట్టు. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండి, కంపెనీల గడపలు ఎక్కుతూ దిగుతూ ఉన్న వాళ్ళలో నేనొకణ్ణి. ఈ రెండు మాటలూ తప్పని నా వాదన.

పిల్లలు పనికిరారన్న ఆరోపణకు నా వయసుంది. 2005లో మెకిన్సీ సంస్థ భారతదేశపు ఇంజనీర్లలో బహుళజాతి కంపెనీలకు పనికొచ్చేవాళ్ళు 25 శాతమేనని తేల్చింది. 2019లో యాస్పైరింగ్ మైండ్స్ అనే సంస్థ 80 శాతానికి పైగా ఇంజనీర్లు నేటి ఉద్యోగాలకు తగరంది. 2023-24 ఆర్థిక సర్వే యువతలో 51.25 శాతం మందే ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నారంది. ఈ చివరి అంకె ఇండియా స్కిల్స్ రిపోర్టు నుంచి వచ్చింది. ఆ రిపోర్టుకు ఆధారమైన పరీక్ష పెట్టే వీబాక్స్ సంస్థ వ్యాపారమే అభ్యర్థులకు పరీక్షలు పెట్టడం. యాస్పైరింగ్ మైండ్స్ వ్యాపారమూ అదే, ఆమ్‌క్యాట్ అనే పరీక్ష వాళ్ళు పెట్టిందే. పిల్లలు పనికిరారన్న భయం పెరిగేకొద్దీ ఆ పరీక్షలకు గిరాకీ పెరుగుతుంది. అందుకని ఆ అంకెలు దొంగవని నేననను. ఆ అంకెలు ఎవరి దుకాణంలోంచి వచ్చాయో చూసి మాట్లాడమంటున్నాను. పైగా అదే ఆర్థిక సర్వేలో ఆ దగ్గర్లోని వాక్యమే, పదేళ్ళలో ఈ శాతం 34 నుంచి 51కి పెరిగిందని చెబుతుంది. ఆ వాక్యాన్ని వేదిక ఎక్కి చదివిన ముఖ్య అతిథిని నేనింతవరకు చూడలేదు.

2005 నాటి అంకెనే తీసుకుందాం. అప్పుడు మన ఐటీ, బీపీవో రంగంలో పనిచేసేవాళ్ళు 10 లక్షల పైచిలుకు. ఇప్పుడు ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ లెక్కల్లోనే 50 లక్షలు దాటారు. మధ్యలో చేరిన ఈ 40 లక్షల మంది ఆకాశం నుంచి ఊడిపడలేదు. నూటికి డెబ్బై అయిదుగురు పనికిరారని తేల్చిన ఆ కాలేజీల్లోంచే, హోసూరు, కుప్పం, చిత్తూరు, అనంతపురం లాంటి ఊళ్ళ నుంచే వచ్చారు. వచ్చాక పని నేర్చుకున్నారు. నేర్పినవాళ్ళు ఉన్నారు కాబట్టి నేర్చుకున్నారు. ఈ వ్యాసంలో నేను మళ్ళీమళ్ళీ వచ్చేది ఇక్కడికే.

దానికి ముందు జీతం సంగతి. రాయకోట మండీకి టమాటా తక్కువగా వచ్చిన వారం ధర ఏమవుతుందో మా పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. పనిమంతులు నిజంగానే అంత కరువైతే వాళ్ళ ధర కూడా పెరగాలి కదా. పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరేవాడికి పదిహేనేళ్ళ కింద ఏడాదికి మూడు లక్షల పైచిలుకు ఇచ్చేవాళ్ళు. ఇప్పుడూ మూడున్నర లక్షల చుట్టుపక్కలే. ఈలోగా బెంగళూరులో పీజీ అద్దె ఎక్కడికి పోయిందో, మా అమ్మ కొనే కందిపప్పు ఎక్కడికి పోయిందో నేను చెప్పనక్కరలేదు. అందరి జీతాలూ ఇలాగే ఆగిపోయాయా అంటే అదీ కాదు. ఇన్ఫోసిస్ సీఈవో వేతనం 2024-25లో 80 కోట్ల రూపాయలు దాటింది. పనిచేసేవాళ్ళు దొరకడం లేదని వాపోతూనే, దొరికినవాడికి పదిహేనేళ్ళనాటి జీతం ఇవ్వజూపేవాడి వాపోతను నేను నమ్మను.

ఇక ఆ "దొరకడం లేదు" అనేదాని వెనుక వెతుకులాట ఎలా ఉంటుందో చెబుతాను. బయటివాళ్ళకు ఇది తెలియదు. తెలిస్తే మా మామ ఆ మాట అనడు.

మొదట ఒక ఫారం. పదో తరగతిలో 60 శాతం, ప్లస్ టూలో 60, డిగ్రీలో 60 ఉండాలి. ఒక్కచోట 59 ఉన్నా పేజీ ముందుకు కదలదు. నేను పదో తరగతి చదివింది 2019-20లో. ఆ ఏడు కరోనా వల్ల తమిళనాడు ప్రభుత్వం పదో తరగతి పబ్లిక్ పరీక్షలే రద్దు చేసింది. త్రైమాసిక, అర్ధవార్షిక పరీక్షల నుంచి 80 శాతం, హాజరు నుంచి 20 శాతం తీసుకుని మార్కులు వేశారు. అంటే నేను రాయని పబ్లిక్ పరీక్షలో నాకెన్ని మార్కులు వచ్చాయన్నది చూసి, ఇప్పుడొక సాఫ్ట్‌వేర్ కంపెనీ నా నైపుణ్యాన్ని నిర్ణయిస్తుంది. తరువాతి గడి "హిస్టరీ ఆఫ్ అరియర్స్". తప్పిన పేపరు మళ్ళీ రాసి పాసైతే చాలదు, ఎప్పుడైనా తప్పావా అన్నదే ముఖ్యం. రెండో సెమిస్టరులో నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని ఆ గడిలో రాయడానికి చోటుండదు. కొత్తవాళ్ళకే అని చెప్పిన ఉద్యోగానికి కింద "రెండేళ్ళ అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం" అని మరో గీత. అది రాసినవాళ్ళు రాశాక ఒకసారి చదివి ఉంటే నాకు ఆశ్చర్యమే.

ఫారం దాటితే ఆన్‌లైన్ పరీక్ష. కెమెరా మన వంకే చూస్తూ ఉంటుంది. కళ్ళు పక్కకు తిప్పితే ఒక హెచ్చరిక. మా ఇంట్లో ఉన్నది ఒకటే గది, ఒకటే నడవా. ఒక పరీక్షలో మా అవ్వ మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వెనకగా నడిచింది. తెర మీద "మరో వ్యక్తి కనిపించారు" అని వచ్చింది. ఆమె ఏమనుకుందో ఏమో, గ్లాసు నా ముందు పెట్టడానికి మళ్ళీ వచ్చింది. పరీక్ష ముగిసిపోయింది. డెబ్బై ఏళ్ళ అవ్వ నాకు జావా కోడు అందిస్తోందని ఆ యంత్రం అనుకుంది కాబోలు. వివరణ ఇద్దామని మెయిలుకు బదులు రాస్తే, ఆ చిరునామాకు ఉత్తరాలు రావని ఇంకో మెయిలు వచ్చింది.

అదీ దాటితే, మనిషి లేని ఇంటర్వ్యూ. తెర మీద ఒక ప్రశ్న, పక్కన తగ్గిపోతూ ఉండే సెకండ్లు. మన ముఖం మనమే చూసుకుంటూ మన గురించి మనకే ఇంగ్లీషులో చెప్పుకోవాలి. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం. ఇంగ్లీషు మాకు నాలుగో భాష. నాలుగో భాషలో, ఎదురుగా తల ఊపే మనిషి కూడా లేకుండా మాట్లాడిన మాటకు ధారాళత మార్కులు వేస్తుంది యంత్రం. ఇలాంటి యంత్రాలు ఏపాటివో లోకానికి తెలియక కాదు. అభ్యర్థుల దరఖాస్తులకు మార్కులు వేయడానికి అమెజాన్ తయారుచేసుకున్న పరికరం ఆడవాళ్ళ దరఖాస్తులను తక్కువ చేస్తోందని తేలి, దాన్ని వదిలేశారని 2018లో రాయిటర్స్ రాసింది. వీడియో ఇంటర్వ్యూలో ముఖ కవళికలను కొలిచే పద్ధతిని మానుకున్నట్లు హైర్‌వ్యూ కంపెనీ 2021లో చెప్పింది. వాళ్ళు పారేసిన బుద్ధి మన దగ్గరికి కొత్త సరుకుగా వస్తుంది.

ఇన్ని దాటాక జవాబు రావచ్చు, రాకపోవచ్చు. రాకపోవడమే ఎక్కువ. "నీవు వద్దు" అన్న రెండు ముక్కలు కూడా రాయరు. వద్దంటే ఇంకోచోటికి పోతాం. ఏమీ అనకపోతే రోజుకు పదిసార్లు మెయిలు తెరుస్తాం. దాన్నే ఇంట్లోవాళ్ళు ఫోను పిచ్చి అంటున్నారు.

కంపెనీల తరఫున ఒక మాట ఉంది, దాన్ని దాచను. లక్షల్లో దరఖాస్తులు వస్తే ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడటం ఎలా కుదురుతుంది? కుదరదు, ఒప్పుకుంటాను. అయితే ఆ మాటే చెప్పండి. "మాకు ఎంచుకునే తీరిక లేదు, అందుకని మార్కుల గీత గీసి మిగతావాళ్ళను చూడకుండా పక్కన పెడుతున్నాం" అనండి. చూడకుండా పక్కన పెట్టినవాళ్ళను పనికిరానివాళ్ళని ఊరంతా చాటడం మాత్రం నిజాయితీ కాదు.

పోనీ అన్ని గేట్లూ దాటినవాళ్ళ మాటేమిటి? వాళ్ళు నైపుణ్యం ఉన్నవాళ్ళే కదా. 2022లో చదువు ముగించి ఇన్ఫోసిస్ ఆఫర్ లెటర్లు అందుకున్న పిల్లల్లో దాదాపు 2,000 మంది రెండేళ్ళు పిలుపు కోసం ఎదురుచూశారు. ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేశాక, 2024 అక్టోబరులో పిలుపులు మొదలయ్యాయి. 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్‌లో 300 మందికి పైగా ట్రైనీలను పంపేశారు. మూడు అవకాశాలిచ్చినా లోపలి పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదన్నది కంపెనీ చెప్పిన కారణం. అందులో ఆ రెండేళ్ళు ఎదురుచూసినవాళ్ళూ ఉన్నారు. విప్రో 2023 ఫిబ్రవరిలో, ఏడాదికి 6.5 లక్షలిస్తామని చెప్పిన పిల్లలను 3.5 లక్షలకు ఒప్పుకుంటారా అని అడిగింది. ఆ ఉత్తరం అందిన రోజు ఆ పిల్లల నైపుణ్యం సగానికి పడిపోయిందా?

ఇంకొకటి చూడండి. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా తీసేస్తున్నట్లు చెప్పింది. వాళ్ళలో ఎక్కువమంది మధ్యస్థాయి, పైస్థాయి వాళ్ళు. కృత్రిమ మేధ వల్ల కాదు, నైపుణ్యాలు సరిపోలకపోవడం వల్లేనని సీఈవో వివరించారు. లోపలికి రావాలంటే మాకు నైపుణ్యం లేదు. ఇరవై ఏళ్ళు పనిచేసి బయటికి పోతున్నప్పుడు మా పెద్దవాళ్ళకూ లేదు. ఆ ఇరవై ఏళ్ళు వాళ్ళు ఉన్నది ఆ కంపెనీలోనే కదా, అక్కడ ఎవరు నేర్పాల్సింది? వారానికి 70 గంటలు పనిచేయమని 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి గారు యువతకు సలహా ఇచ్చారు. సార్, ముందు ఆ మొదటి గంటకు లోపలికి రానివ్వండి.

కాలేజీలను వెనకేసుకు రాను. ఫీజు రశీదు మీద ఉండే శ్రద్ధ ల్యాబులో ఉండదు. రికార్డు నోటు సీనియర్‌ది చూసి రాయడం, సంతకం పెట్టించుకోవడం, అంతటితో ప్రయోగం పూర్తి. ఒక మంచి కంపెనీ వచ్చిందంటే ప్లేస్‌మెంట్ సెల్ పై మార్కుల పాతిక మందిని లోపలికి తోసి, వాళ్ళ ఫొటోలనే బస్సుల వెనక అంటిస్తుంది. ఇది అందరికీ తెలిసిన బాగోతం, దీని మీద ఎక్కువ రాయడం దండగ.

మరి కాలేజీ నేర్పలేదు, కంపెనీ నేర్పదు. నాకీ కాస్తంత పని ఎక్కడ వచ్చింది? ఫోనులో.

ఇక్కడికి రాగానే పెద్దలకు కోపం వస్తుంది. రానివ్వండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. అంతకుముందు మా ఇంట్లో డేటా అంటే గీసి గీసి వాడే వస్తువు. ఆ తరువాత మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ పాఠం మత్తిగిరి మిద్దె మీదికి వచ్చింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు 2003 నుంచి తయారవుతున్నాయి. పైసా కట్టకుండా చూడవచ్చు, ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము. అర్థం కానిచోట వెనక్కి తిప్పి మళ్ళీ వినవచ్చు. క్లాసులో అదే పని చేస్తే, అంటే మళ్ళీ చెప్పమని చేయెత్తితే, ఏమవుతుందో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు.

నా ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, 4 జీబీ మెమరీ. రెండు కిటికీలు తెరిస్తే ఫ్యాను విమానంలా మోగుతుంది. అలాంటి డబ్బా మీద కూర్చుని, గూగుల్ కోల్యాబ్‌లో వాళ్ళ కంప్యూటరు వాడుకుని, నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. మా నాన్న టమాటా వేస్తాడు. సరుకు రాయకోటకు వేయాలా, కోలారుకు తోలాలా అన్నది ఆయనకు రోజూ తలనొప్పి. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైటులో మార్కెట్ల ధరలు రోజువారీగా పెడతారు. అవి తీసుకుని, లారీ బాడుగ తీసేసి, ఏ మార్కెట్టులో ఎంత మిగులుతుందో చూపించే పట్టీ అది. ఎర్రర్ వస్తే స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెతికాను. అక్కడా దొరకనిది చాట్‌జీపీటీని అడిగాను, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, రాత్రి ఒంటిగంటకు. "ఇంతమాత్రం తెలియదా" అనకుండా చెప్పింది. తప్పు కూడా చెప్పింది, ఒకసారి కాదు. క్వింటాల్ ధరను కిలో ధర అనుకుని లెక్కవేసిన కోడు ఇచ్చింది. నాన్న పట్టీ చూసి నవ్వి, "ఈ ధర వస్తే మనం హోసూరు కొంటాం" అన్నాడు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నేను కోడంతా గీతగీతా చదవాల్సి వచ్చింది. ఆ చదవడంలో నేర్చుకున్నది నాలుగు సెమిస్టర్లలో నేర్చుకోలేదు. కోడు మొత్తం గిట్‌హబ్‌లో పెట్టాను, ఎవరైనా చూడవచ్చు. ఎదురుగా మనిషి కూర్చున్న ఒకే ఒక ఇంటర్వ్యూలో దాని గురించి చెప్పబోయాను. ఆయన చేత్తో ఆపి, మూడుంబావుకు గడియారం ముళ్ళ మధ్య కోణం ఎంతని అడిగాడు.

తెలుగు సంగతి కూడా ఇందులో భాగమే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మా తరానికి బడిలో మొదటి భాష తమిళమైంది. నాకు తమిళం మీద కోపం లేదు, నేను బాగానే రాస్తాను. కానీ తెలుగు అక్షరాలు నేర్పింది మా అవ్వ. ఆ తరువాత తెలుగు చదవడం అలవాటు చేసింది తెలుగు వికీపీడియా. మాటకు అర్థం తెలియకపోతే ఆంధ్రభారతి సైటులో నిఘంటువులన్నీ ఒకేచోట వెతుక్కోవచ్చు. ఈ వ్యాసంలో కూడా వెతుక్కున్నాను. ఫోను పిల్లల్ని చెడగొట్టిందనే పెద్దలు, ఆ ఫోను లేకపోతే ఈ పిల్లవాడు తెలుగులో మీకు ఎదురు చెప్పగలిగేవాడు కాదని గుర్తుంచుకుంటే మంచిది.

"మీరంతా చాట్‌జీపీటీతో అసైన్‌మెంట్లు రాయిస్తున్నారు, బుర్రలు మొద్దుబారాయి" అంటారు. రాయిస్తున్నారు, నిజమే. ఏటా అవే ప్రశ్నలు, అవే జవాబులు ఉన్న అసైన్‌మెంట్లను మీ కాలంలో పక్కవాడి నోటు చూసి రాశారు. అప్పుడు మొద్దుబారని బుర్రలు ఇప్పుడు బారాయా? అదే సమయంలో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్, మా కంపెనీలో కొత్తగా రాసే కోడులో నాలుగో వంతుకు పైగా కృత్రిమ మేధ రాస్తోందని 2024లో సగర్వంగా చెప్పారు. వాళ్ళు వాడితే ఉత్పాదకత, మేం వాడితే దొంగతనం. నా రెజ్యూమేను చదివేది యంత్రం, నా మాటకు మార్కులు వేసేది యంత్రం. నేను మాత్రం యంత్రం సాయం లేకుండా గడియారం ముళ్ళ కోణం కట్టాలి.

ఈ పరికరాలను దేవుళ్ళని అనుకునేంత వెర్రి మాకేం లేదు. 2025లో గూగుల్, ఓపెన్ఏఐ పోటీపడి మన దేశంలో ఏడాదిపాటు ఉచితం అన్నాయంటే అది దానధర్మం కాదు. మన అలవాట్లు, మన ప్రశ్నలు వాళ్ళకు కావాలి, రేపు చందా కావాలి. అది తెలిసే వాడుతున్నాం. నేర్పే మనిషి దొరికితే వాటితో ఇంత పని ఉండదు.

నేర్పడం కంపెనీలకు చేతకాని పని అనుకుంటారేమో. మా ఊరి చరిత్ర వేరే చెబుతుంది. ఒకప్పుడు మత్తిగిరి అంటే పశువుల ఫారం, తెల్లదొరల కాలంలో సైన్యానికి గుర్రాలను పెంచిన చోటు. 1970ల్లో హోసూరులో సిప్‌కాట్ వచ్చింది. 1980లో అశోక్ లేల్యాండ్ వచ్చింది, అదే ఏడాది టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. ఆ నేల మీద అప్పటికి రాగి పండించేవాళ్ళు, పట్టుపురుగులు మేపేవాళ్ళు. ఇంజను బిగించిన "అనుభవం" ఎవరికుంది? అదే దశాబ్దంలో టైటాన్ వచ్చింది. గడియారం చేయడమంటే సూదిమొన మీద పని. ఆ పనికి వాళ్ళు అనుభవజ్ఞులను వెతుక్కోలేదు. తమిళనాడు పల్లెల్లో బడి చదువు ముగించిన పిల్లలను ఎంచుకుని, తీసుకొచ్చి, పని నేర్పారు. ఇల్లు వదిలి వచ్చిన ఆ చిన్నపిల్లలను చూసుకోవడానికి అమ్మానాన్నల్లా దంపతులను కుదిర్చారు. ఆ పిల్లల చేతుల మీదుగా ఒక కంపెనీ దేశంలోకెల్లా పెద్ద గడియారాల కంపెనీ అయింది. అప్పుడు వాళ్ళకెవరూ ఉద్యోగార్హత శాతం లెక్కకట్టలేదు.

అది పాతకాలం అంటారా? 2022 నవంబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్, హోసూరు దగ్గర రాబోయే ఐఫోన్ల కర్మాగారం గురించి చెబుతూ, రాంచీ, హజారీబాగ్ పక్కల నుంచి 6,000 మంది ఆదివాసీ అక్కచెల్లెళ్ళకు ఆ పనిలో శిక్షణ ఇచ్చారన్నారు. జార్ఖండ్ అడవి పల్లె నుంచి వచ్చిన అమ్మాయికి ఐఫోను పని నేర్పగలిగినప్పుడు, మత్తిగిరి పిల్లవాడికి జావా నేర్పడం అసాధ్యమా? ఆ అక్కలు వచ్చినందుకు నాకు సంతోషమే, వాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. కావాలనుకుంటే కంపెనీ నేర్పుతుంది అనడానికి వాళ్ళే సాక్ష్యం. సాఫ్ట్‌వేర్‌లోనూ సాక్ష్యం ఉంది. జోహో కంపెనీ 2004 నుంచి ప్లస్ టూ, డిప్లొమా పిల్లలను డిగ్రీ అడగకుండా తీసుకుంటోంది. ఫీజు లేదు సరికదా స్టైపెండ్ ఇచ్చి రెండేళ్ళు నేర్పి, వాళ్ళనే ఇంజనీర్లుగా పెట్టుకుంటోంది. విప్రో కూడా బీఎస్సీ పిల్లలను తీసుకుని పని చేయిస్తూనే ఎంటెక్ చదివించింది. ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ కట్టిందే నేర్పడానికి. చేతనైన పనిని ఖర్చని పక్కన పెట్టారు. ఆ ఖర్చు ఇప్పుడు మా నాన్న టమాటా డబ్బుల్లోంచి కోర్సు ఫీజుగా పోతోంది.

పని నేర్పమని చట్టం కూడా చెబుతోంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం, దాని కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, ఆపైన ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఆ 2019 నియమాల్లో డిగ్రీవాళ్ళకు నెలకు కనీసం 9,000 స్టైపెండ్ అన్నారు. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వచ్చినప్పుడు నెలకు 5,000 అన్నారు. అయిదువేలతో బెంగళూరులో ఒక మంచం అద్దెకు దొరికితే నాకు చెప్పండి.

మా హోసూరు తెలుగువాళ్ళకు ఇంకో ముడి ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకని చట్టం చేసింది, మేం స్థానికులం కాము. కర్ణాటక 2024 జూలైలో ప్రైవేటు ఉద్యోగాలు స్థానికులకని బిల్లు తెచ్చి, కంపెనీలు కళ్ళెర్రజేస్తే రెండు రోజుల్లో ఆపేసింది. అది వచ్చి ఉంటే బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి ఇంత దగ్గరలో ఉండీ మేం పరాయివాళ్ళం. తమిళనాడులో మేం స్థానికులమే, కానీ సిప్‌కాట్‌లో మాకు దొరికేది చాలావరకు కాంట్రాక్టరు కింద పని. ఏడాదికోసారి పేరు తీసి మళ్ళీ రాస్తారు. పని నేర్చుకున్నవాణ్ణి తీసేసి కొత్తవాణ్ణి పెట్టుకునే చోట, నైపుణ్యం లేదన్న ఏడుపు ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

కాబట్టి మా మామతో, స్నాతకోత్సవపు ముఖ్య అతిథితో నాకు వాదన ఒకటే. మీరు మా చేత పని చేయించి చూడలేదు. పదో తరగతి మార్కు చూశారు, అరియర్ చూశారు, కెమెరాలో మా అవ్వను చూశారు. గిట్‌హబ్‌లో మేం చేసిన పని అక్కడే ఉంది, ఖర్చు లేకుండా చూడవచ్చు, అది మాత్రం చూడలేదు. కంపెనీలను ఉద్యోగం ఊరికే ఇమ్మని మేం అడగడం లేదు. పది, ప్లస్ టూ మార్కుల గీత తీసేయండి. చేసిన పని చూపించమనండి. వద్దనుకుంటే వద్దని ఒక మాట రాయండి. ఆఫర్ లెటర్ ఇస్తే దాని మీద చేరే తేదీ వేయండి, ఆ తేదీ దాటితే ఆ రోజు నుంచే జీతం కట్టండి.

ఈ చివరిదాన్ని కంపెనీలు తమంత తాము చేయవు, చట్టం రావాలి. మా కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు 2024లో లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. అయ్యా, ఆఫర్ లెటరు చేతికిచ్చి ఏళ్ళ తరబడి పిలవని కంపెనీల మీద ప్రభుత్వం ఏం చర్య తీసుకుందో అదే సభలో, అదే తెలుగులో అడగండి.